తారీఖు చెప్పే పూలు: జపాన్ పాటల్లో ఒక తిరుగుడు



టోక్యో నగరం నడిబొడ్డున యాసుకుని అని ఒక షింతో ఆలయం ఉంది. ఆ ఆవరణలో ఒక సకురా చెట్టు ఉంది. మార్చి సగం దాటిందంటే చాలు, వాతావరణ శాఖ ఉద్యోగులు రోజూ ఆ చెట్టు కిందికి వస్తారు. తల పైకెత్తి పూలు లెక్కపెడతారు. అయిదారు పూలు విచ్చుకుని ఉంటే టోక్యోలో సకురా పూసిందని అధికారికంగా ప్రకటిస్తారు. నాలుగే ఉంటే ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతారు. చుట్టూ టీవీ కెమెరాలు, చూడ్డానికి వచ్చిన జనం. ప్రకటన వెలువడిందంటే చప్పట్లు. ఒక ప్రభుత్వ శాఖ పూలు లెక్కపెట్టడం, ఆ లెక్క ఆ రోజు వార్తల్లో రావడం మనకు వింతగా తోచవచ్చు. జపాన్ వాళ్ళ పూల పాటలు అర్థం కావాలంటే ముందు ఈ లెక్క దగ్గరికే రావాలి. మన పాటల్లో పువ్వు అనగానే ముఖమో, నవ్వో, జడో గుర్తుకొస్తుంది. వాళ్ళ పాటల్లో పువ్వు ముందుగా ఒక తేదీ. ఆ తేదీన ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది ఆ తర్వాతి మాట.

ఇవాళ అలాంటి కొన్ని పాటల గురించి చెబుతాను. పేర్లు వినేటప్పుడు ఒక చిన్న సౌకర్యం ఉంది. జపాన్ వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. కాబట్టి నేనూ అలాగే చెబుతాను.

అందరికీ తెలిసిన పాటతో మొదలుపెడదాం. ‘సకురా సకురా’ జపాన్ చరిత్రలో ఎదో అని పిలిచే కాలపు పాట. కోతో వాద్యం నేర్చుకునే పిల్లలకు తొలి పాఠంగా వాడేవారు. 1888లో టోక్యో సంగీత పాఠశాల అచ్చువేసిన కోతో పాటల సంపుటిలో చేరాక దేశమంతా పాకింది. 1904లో ఇటలీ స్వరకర్త పుచ్చీనీ తన ‘మదామ్ బటర్‌ఫ్లై’ ఒపేరాలో ఈ వరసను వాడుకున్నాడు. సంగీతం తెలిసిన శ్రోతలకు ఒక సంగతి. ఈ పాట ఆగే స్వరాన్ని షడ్జమం అనుకుని చూస్తే ఇందులో వినిపించేవి సరిగ్గా మన సావేరి ఆరోహణలోని అయిదు స్వరాలే. గమకాలుండవు, సంచారాలుండవు, కాబట్టి అది సావేరి కాదు. అయినా పూల పండుగ పాటలో అంత దిగులు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవారికి సగం జవాబు ఆ శుద్ధ రిషభంలోనూ, శుద్ధ ధైవతంలోనూ ఉంది.

మిగతా సగం జవాబు చెట్టులో ఉంది. ఇవాళ జపాన్ పార్కుల్లో, నదుల ఒడ్డున, బడుల ఆవరణల్లో ఎక్కువగా కనిపించేది సొమేయ్ యోషినో అనే రకం. ఎదో కాలం చివర్లో టోక్యో దగ్గరి సొమేయ్ పల్లెలోని తోటమాలుల చేతుల మీదుగా వ్యాపించింది. దీన్ని గింజతో పెంచరు, అంటు కట్టి పెంచుతారు. అందుకే దేశంలో ఎక్కడున్నా ఈ చెట్లన్నీ ఒకే చెట్టుకు నకళ్ళు. ఒక ఊళ్ళో వాతావరణం ఒకేలా ఉంటే చెట్లన్నీ ఒకేసారి పూస్తాయి, వారం పది రోజుల్లో ఒకేసారి రాలతాయి. ఆకు రాకముందే పువ్వు వస్తుంది కనుక కొమ్మ మీద ఇంకేమీ కనిపించదు. గడియారాన్ని ఇంత కచ్చితంగా నడిపే చెట్టు దొరికాక పాటలవాళ్ళు ఊరుకుంటారా?

దానికి తోడు జపాన్‌లో బడులు మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో తెరుచుకుంటాయి. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం 1886 నుంచి ఏప్రిల్‌లో మొదలవుతోంది, బడులూ క్రమంగా ఆ దారికే వచ్చాయి. వీడ్కోలు సభలు, ఉద్యోగాల్లో చేరికలు, బదిలీలు, ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళడాలు, అన్నీ ఈ పూల రోజుల చుట్టూనే. కొత్త శతాబ్దం వచ్చాక ఇది పాటల పరిశ్రమకు పెద్ద పంటయింది. 2000లో ఫుకుయామా మసహారు ‘సకురాజకా’, 2005లో కోబుకురో జంట పాడిన ‘సకురా’, 2006లో ఇకిమోనోగకారి బృందం అదే పేరుతో పాడిన ఇంకో పాట. ఇలా ఏటా వసంతానికి ఒక సకురా పాట రావడం ఆనవాయితీ అయిపోయింది. నిజం చెప్పాలంటే వీటిలో చాలావాటికి ఒకదానికొకటి పెద్ద తేడా లేదు. రైల్వే ప్లాట్‌ఫాం, చెయ్యి ఊపడం, రాలే రేకులు, మళ్ళీ కలుద్దామనే మాట.

ఒకటి మాత్రం నాకు ఇష్టం. 2003 మార్చిలో మోరియామా నావోతారో పాడిన ‘సకురా’. ఆయన తల్లి మోరియామా ర్యోకో కూడా పేరున్న గాయని. ఇందులో వాద్యబృందం లేదు, ఒక పియానో, ఒక గొంతు, అంతే. గొంతు పై స్థాయికి వెళ్ళినప్పుడు దాపరికం లేకుండా సన్నబడుతుంది. ఆ సన్నదనాన్ని స్టూడియోలో దిద్దకుండా వదిలేశారు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నోటి మాటగా వారాల తరబడి మెల్లగా పైకి ఎగబాకి మొదటి స్థానానికి చేరింది.

ఇప్పుడీ పాటలకు ఒక చిక్కు వచ్చిపడింది. క్యోటోలో సకురా నిండుగా పూసిన తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి దినచర్యల్లో, రాతప్రతుల్లో దొరుకుతాయి. ఆ 1200 ఏళ్ళ లెక్కలో అప్పటిదాకా అన్నిటికంటే ముందు వచ్చిన పూత 2021 మార్చి 26న. వేడెక్కుతున్న నగరాల్లో పూత ముందుకు జరిగిపోతోంది. ఏప్రిల్‌లో కొత్త పిల్లలు బడిలో చేరే రోజుకు టోక్యోలో తరచూ పువ్వు రాలి ఆకు మిగులుతోంది. పాట మాత్రం పాత తారీఖునే పాడుతోంది.

సకురా గురించి ఇంత చెప్పి ఒక సంగతి చెప్పకపోతే దాచినట్టవుతుంది. మొదట నేను చెప్పిన యాసుకుని ఆలయం యుద్ధాల్లో చనిపోయిన సైనికుల ఆత్మలకు కట్టినది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ‘దోకి నో సకురా’ అని ఒక పాట సైన్యంలో విరివిగా పాడారు. ఒకే బ్యాచ్ సైనిక విద్యార్థులు ఒకే చెట్టు పూలు, పూసినవి రాలక తప్పదు, దేశం కోసం రాలదాం అన్నది దాని భావం. 1945 నాటి ఆత్మాహుతి దాడుల్లో బాంబర్ విమానం కడుపు కింద వేలాడదీసి తీసుకెళ్ళి, మనిషితో సహా ఓడల మీదికి వదిలిన రాకెట్ బాంబుకు పెట్టిన పేరు ‘ఓకా’. సకురా పువ్వు అనే అర్థం. ఒనుకీ టియర్నీ ఎమికో అనే మానవశాస్త్రవేత్త 2002లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. పూల అందాన్ని రాజ్యం ఎలా మెలమెల్లగా చావు వైపు తిప్పిందో అందులో చూడవచ్చు. వారం రోజుల పువ్వు కదా, ఇరవై ఏళ్ళ కుర్రాడికి అతికించడం తేలికైపోయింది.

యుద్ధం ముగిసింది. ఊళ్ళు బూడిదయ్యాయి. అప్పుడు వచ్చిన ఒక పూల పాట మన రేడియోవాళ్ళకు దగ్గరి చుట్టం. 1949లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియో కోసం పుట్టిన పాట ‘నత్సు నో ఓమోయిదే’, అంటే వేసవి జ్ఞాపకం. రాసినది ఎమా షోకో అనే కవయిత్రి, వరస కట్టినది నాకాదా యోషినావో. ప్రజలకు కాస్త ఆశ కలిగించే పాట కావాలని రేడియో అడిగింది. యుద్ధం రోజుల్లో తిండి కోసం కొండ ఊళ్ళకు వెళ్ళినప్పుడు తాను చూసిన ఒక బురద మైదానం ఎమాకు గుర్తొచ్చింది. దాని పేరు ఓజే. ఫుకుషిమా, గున్మా, నీగాతా ప్రాంతాలు కలిసే చోట, దాదాపు 1400 మీటర్ల ఎత్తున, కొండల నడుమ పరుచుకున్న చిత్తడి నేల. అక్కడ మంచు కరిగిన నీళ్ళలో తెల్లగా లేచే పువ్వు మిజుబాషో.

పువ్వు అన్నాను కానీ ఆ తెల్లనిది నిజానికి పువ్వు కాదు. మిజుబాషో మన చేమ, కంద మొక్కల కుటుంబానికి చెందినది. తెల్లటి దొప్పలా కనిపించేది మారిన ఆకు. దాని మధ్యలో కంకిలా నిలబడినదే అసలు పూగుత్తి. ఇక రెండో తిరకాసు. పాట పేరులో వేసవి ఉంది. కానీ ఈ మొక్క విరగబూసేది మే నెలాఖరులో, జూన్ మొదట్లో. ఓజేలో అది మంచు పోతున్న వసంతం. పాట విని బడుల సెలవుల్లో, జూలై, ఆగస్టు నెలల్లో ఓజేకు పరుగెత్తినవాళ్ళకు కనిపించింది తెల్ల పువ్వు కాదు, మనిషి మోకాలి ఎత్తున పెరిగిన పచ్చటి ఆకులు. అడిగినవాళ్ళకు ఎమా ఇచ్చిన వివరణ చిత్రంగా ఉంటుంది. మిజుబాషో పూసిన ఓజేయే తన దృష్టిలో వేసవి అని ఆమె భావం. తారీఖు విషయంలో అంత పట్టింపు ఉన్న సంప్రదాయంలో ఒక కవయిత్రి క్యాలెండర్‌ను తనకు నచ్చిన చోటికి జరిపేసింది. నాకైతే ముచ్చటేసింది.

ఆ పాట ఓజేకు చేసిన మేలూ ఉంది, కీడూ ఉంది. జనం వేలకు వేలుగా వచ్చి ఆ మెత్తటి నేలను తొక్కేశారు. వేల ఏళ్ళు పేరుకున్న పీట్ పొర అది, ఒకసారి అణిగితే లేవదు. అందుకే ఇప్పుడు అక్కడ పలకల బాట మీద తప్ప నేల మీద కాలు పెట్టనివ్వరు. ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి పట్టుకుపోవాలనే ఉద్యమం జపాన్‌లో 1972లో ఓజే నుంచే మొదలైంది. మరోవైపు, ఆ లోయను ముంచి జలవిద్యుత్తు తీయాలనే ఆలోచన దశాబ్దాల పాటు నలిగింది. దాన్ని ఎదిరించినవారికి ఈ పాట పెద్ద అండ. చూడని చోటును కూడా జనం తమదనుకున్నారు. 2007లో ఓజే విడిగా జాతీయ ఉద్యానవనం అయింది.

అన్ని పాటలకూ ఇంత కథ ఉండదు. కొన్నిటిని దాటుకుంటూ పోదాం. తకరాజుకా అనే ఊళ్ళో 1914 నుంచి అందరూ స్త్రీలే నటించే ఒక సంగీత నాటక సంస్థ ఉంది. మగ వేషాలూ వాళ్ళవే. మన దగ్గర స్థానం నరసింహారావు గారు ఆడవేషాలు కట్టిన రోజుల్లోనే అక్కడ ఇది సాగిందన్నమాట. వాళ్ళ ఇంటి పాట లాంటిది ‘సుమిరే నో హనా సకు కోరో’, వయొలెట్ పూలు పూసే వేళ. అసలు ఇది 1928 నాటి జర్మన్ పాట, అందులో ఉన్నది తెల్ల లైలాక్. ఫ్రెంచ్‌లోకి వెళ్ళినా లైలాక్‌గానే ఉంది. పారిస్ వెళ్ళివచ్చిన షిరాయ్ తెత్సుజో 1930లో దాన్ని తెచ్చి లైలాక్‌ను తీసేసి వయొలెట్ పెట్టాడు. జపాన్ వాళ్ళకు తెలిసిన వసంతంలోకి పాటను మార్చి నాటాడు. ఇప్పుడది పరాయి పాట అంటే అక్కడ చాలామంది నమ్మరు.

1977లో వచ్చిన ‘కోస్మోసు’ ఇంకో దారి. పాడినది అప్పటికి పద్దెనిమిదేళ్ళ యామాగుచి మొమోయే, రాసి వరస కట్టినది సదా మసాషి. కాస్మోస్ పువ్వు మెక్సికో నుంచి వచ్చింది, శరదృతువులో పూస్తుంది. రేపు అత్తవారింటికి వెళ్ళబోయే కూతురు, వరండాలో కూర్చుని పాత ఫోటోల ఆల్బం తిప్పుతున్న తల్లిని చూస్తోంది. ఆల్బంలో ఉన్న కథలనే మళ్ళీ మళ్ళీ చెబుతోంది తల్లి. మన అప్పగింతల పాటలు విన్నవారికి ఇది వేరే దేశం అనిపించదు. కాకపోతే ఇక్కడ బంధువుల గుంపు లేదు, వలవల ఏడుపు లేదు. ఇద్దరే మనుషులు, పెరట్లో గాలికి ఊగే పూలు, చలికాలం ముందు వచ్చే వెచ్చటి ఒక్క మధ్యాహ్నం. మూడేళ్ళ తర్వాత, ఇరవై ఒక్క ఏళ్ళకే, కీర్తి శిఖరాన ఉండగా మొమోయే పెళ్ళి కోసం పాడటం మానేసింది. మళ్ళీ వేదిక ఎక్కలేదు.

తేదీ లేని పువ్వు కూడా ఒకటుంది. అదే అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోవడం విశేషం. మాకిహారా నోరియుకి రాయగా స్మాప్ బృందం పాడిన ‘సెకాయ్ ని హితోత్సు దకే నో హనా’, ప్రపంచంలో ఒకే ఒక్క పువ్వు. 2003లో సింగిల్‌గా వచ్చింది. ఇందులోని పూలు తోటలో లేవు, పూల దుకాణం ముందు బకెట్లలో ఉన్నాయి. పూలు పోటీ పడవు, మనుషులే పడతారు, మొదటి స్థానం ఎందుకు అని అడుగుతుంది. దుకాణం పూలకు రుతువు ఉండదు కదా, అందుకే ఈ పాటను ఏ నెలలోనైనా పాడుకోవచ్చు. బడి పుస్తకాలకూ ఎక్కింది. నా మట్టుకు అది కొంచెం ఉపన్యాసంలా వినిపిస్తుంది. నాలాంటివాళ్ళ మాట అటుంచండి. 2016లో స్మాప్ విడిపోతోందని తెలియగానే అభిమానులు పాత రికార్డును మళ్ళీ కొనడం మొదలుపెట్టారు. దాంతో మొత్తం అమ్మకం 30 లక్షలు దాటింది.

2011 మార్చి 11 మధ్యాహ్నం ఈశాన్య జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం, ఆ వెంటనే సునామీ. దాదాపు 18 వేల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఆ సాయంత్రం అక్కడ మంచు కూడా కురిసింది. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌కే ‘హనా వా సకు’ అనే పాట చేయించింది. పువ్వు పూస్తుంది అని అర్థం. స్వరకర్త కన్నో యోకో, రాసిన ఇవాయ్ షున్జి ఇద్దరిదీ సునామీ దెబ్బతిన్న మియాగి ప్రాంతమే. పాడినవారూ ఆ ప్రాంతాలతో బంధం ఉన్నవారే. ఒక్కొక్కరు ఒక్కొక్క పాదం పాడి చేతిలో ఒక జెర్బెరా పువ్వు పట్టుకుని నిలబడతారు. వినడానికి ఓదార్పు పాటలా ఉంటుంది. కాస్త శ్రద్ధగా వింటే ఆ మాట్లాడుతున్నది ఎవరని అనుమానం వస్తుంది. బతికినవాళ్ళు కాదు, పోయినవాళ్ళు. బతికినవారి కథలే మనకు వినిపిస్తాయి, చనిపోయినవారివి ఎవరు చెబుతారు అన్న తలంపుతో ఇవాయ్ దీన్ని రాశారు. తాము చూడలేని పూతను తర్వాత పుట్టబోయేవారికి అప్పజెప్పి వెళ్ళే గొంతు అది. అదే మియాగిలోని సేందాయ్‌కు చెందిన స్కేటింగ్ వీరుడు హన్యూ యుజురు మంచు మీద ఈ పాటకు ఆడినప్పుడు ఆ గొంతుకు శరీరం వచ్చినట్టుంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న పాట. ‘షిమా ఉతా’, దీవి పాట. ఇది జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల పువ్వుతో మొదలవుతుంది. ఆ పువ్వు దేయిగో. ఎర్రటి గుత్తులు, కాండం మీద ముళ్ళు. మోదుగ అనుకునేరు, అది వేరు. ఇది మన దేశం నుంచి పసిఫిక్ దీవుల దాకా పెరిగే చెట్టు, మన పల్లెల్లో కంచెల్లో ఉంటుంది, బాడిద చెట్టు అంటారు. 1967 నుంచి ఒకినావా ప్రాంతపు అధికార పుష్పం కూడా. దేయిగో విరగబూసిన ఏడాది తుఫానులు ఎక్కువ వస్తాయని అక్కడి పెద్దల నమ్మకం. పాట ఆ నమ్మకాన్నే పట్టుకుంది. పువ్వు పూసింది, తుఫాను వచ్చింది.

ఆ తుఫాను గాలివాన కాదు. 1945 ఏప్రిల్ 1న అమెరికన్ సేనలు ఒకినావా ప్రధాన దీవి మీద దిగాయి. దేయిగో పూసే రోజులు. జూన్ చివరికి అక్కడి పోరు ముగిసేసరికి రెండు వైపులా కలిపి రెండు లక్షల మంది పోయారు, అందులో ఒకినావా మామూలు జనమే దాదాపు లక్ష. హిమేయూరి పేరుతో నర్సింగ్ సేవకు పంపిన బడి ఆడపిల్లలు, ఉపాధ్యాయులు 240 మందిలో 136 మంది చనిపోయారు. 1989లో అక్కడ ఒక స్మారక సంగ్రహాలయం తెరిచారు, బతికి బయటపడినవారే అక్కడ నిలబడి చూడవచ్చినవారికి చెప్పేవారు. అలా విన్నవారిలో ఒకడు మియాజావా కజుఫుమి. ది బూమ్ అనే రాక్ బృందం గాయకుడు. ఒకినావా వాడు కాదు, కొండల నడుమ యామనాషిలో పుట్టినవాడు. విన్నది భరించలేక రాసిన పాట 1992లో వచ్చింది, తర్వాత 15 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

పైకి ప్రేమ పాట. చెరకు తోటలో ఇద్దరు కలుసుకుంటారు. ఆ చెరకు కిందనే విడిపోతారు. కింద అంటే నేల కింది గుహల్లో. జనం బాంబులకు భయపడి దాక్కున్న గుహలు, శత్రువుకు దొరకకూడదని తమను తామే చంపుకున్న గుహలు. ఇక సంగీతం మాట. ఒకినావా పాటల్లో సాధారణంగా వినిపించే అయిదు స్వరాలు స, గ, మ, ప, ని. అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం. ఇవే మన గంభీరనాట స్వరాలు. ‘షిమా ఉతా’ అంతటా సన్షిన్ అనే మూడు తీగల వాద్యంతో ఈ స్వరాల నీడ ఉంటుంది. చెరకు తోట వచ్చిన చోట మాత్రం మియాజావా ఆ స్వరశ్రేణిని వదిలేసి మామూలు పాశ్చాత్య వరసలోకి మారతాడు. కావాలనే అలా చేశానని తర్వాత చెప్పాడు. వాళ్ళ చావుకు కారణం జపాన్ ప్రధాన భూభాగం వాళ్ళ మీద రుద్దిన చదువు, యుద్ధం. ఆ చోట ఒకినావా స్వరాలు పెట్టడానికి తనకు మనసు రాలేదు. మొదటిసారి వింటే ఈ మార్పు తెలియదు. రెండోసారి వింటే వదలదు.

బయటివాడు తమ పాట ఎలా పాడతాడని ఒకినావాలో గొణుగుడు కొంత వచ్చింది. అతనికీ సందేహమే. ధైర్యం చెప్పినవారిలో ఒకినావా గాయకుడు కినా షోకిచి ఒకరు. ఆయనదీ ఒక పూల పాట ఉంది, 1980 నాటి ‘హనా’. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగింపు ఉత్సవం నుంచి పుట్టిందంటారు. చైనీస్‌లో వాకిన్ చౌ పాడాక ఆసియా అంతా తిరిగింది. ‘షిమా ఉతా’ అంతకంటే దూరం వెళ్ళింది. అర్జెంటీనా హాస్యనటుడు, గాయకుడు అల్ఫ్రెడో కసేరో 2001లో దాన్ని జపనీస్‌లోనే పాడాడు. ఆ భాష రాని దేశం మొత్తం దాన్ని నోటికి నేర్చుకుంది, 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు జపాన్ వచ్చిన అర్జెంటీనా అభిమానులు అదే పాడుకున్నారు.

పాట చేసిన పని ఇంకొకటుంది. దాని మూలంగా దేశమంతా సన్షిన్ నేర్చుకునేవాళ్ళు పెరిగారు. మంచి సన్షిన్ మెడకు కురుచి అనే నల్లచేవ కలప కావాలి. మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి జాతే అది. దీవిలో ఆ చెట్లు తరిగిపోయాయి. తన పాట వల్లనే కదా అనుకున్న మియాజావా, ఒకినావాలోని యోమితాన్ గ్రామస్థులతో కలిసి 2012లో కురుచి మొక్కలు నాటడం మొదలుపెట్టాడు. ఒక చెట్టు సన్షిన్‌కు పనికిరావాలంటే వందేళ్ళు పడుతుంది. ఇక దేయిగో సంగతి అంటారా, 2005 నుంచి ఒక చిన్న కందిరీగ దాని ఆకుల్లో గుడ్లు పెట్టి పూత రాకుండా చేస్తోంది. ఊళ్ళవాళ్ళు చందాలు వేసుకుని ఆ చెట్లకు మందు ఎక్కిస్తున్నారు. యోమితాన్‌లో ఏటా జనం వచ్చి కురుచి మొక్కల చుట్టూ కలుపు తీసి, తర్వాత సన్షిన్ వాయించుకుని వెళతారు.